హెన్రీ స్టీల్ ఆల్కాట్

హెన్రీ స్టీల్ ఆల్కాట్ (ఆగష్టు 2, 1832 - ఫిబ్రవరి 17, 1907) అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసి కల్నల్ హోదా పొందిన సైనికాధికారి, న్యాయవాది, పాత్రికేయుడు. సైన్యం నుండి బయటికి వచ్చిన తరువాత ఆత్మలు, అతీంద్రియ శక్తుల పరిశోధనలో దిగి, దివ్యజ్ఞాన సమాజాన్ని స్థాపించినవారిలో ఒకడై, దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1882లో కాలువ పడవలో బయలుదేరి నెల్లూరు, గుంటూరు వరకు పర్యటించి ఆంధ్రప్రాంతానికి పరిచితుడయ్యాడు.

==సైనిక జీవితం==
న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణంలో జన్మించిన ఆల్కాట్ మొదట వ్యవసాయ శాస్త్రంలో పేరు పొందాడు. తీపి జొన్న సాగుపై 1857లో ఒక గ్రంథం ప్రచురించాడు. అంతర్యుద్ధం రాగానే సైన్యంలో చేరి, జబ్బుపడి యుద్ధరంగం నుండి తిరిగివచ్చాడు. అటుపై యుద్ధశాఖ ఇతనికి సరఫరా కాంట్రాక్టులలోని మోసాలను వెలికితీసే పని అప్పగించింది. దొంగ లెక్కలు, దొంగ సాక్ష్యాలు పట్టుకోవడంలో ఇతనికి గట్టి పేరు వచ్చింది. 1865లో అధ్యక్షుడు లింకన్ హత్యపై విచారణలోనూ ఇతనిని నియమించారు. యుద్ధానంతరం న్యూయార్కులో న్యాయవాదిగా స్థిరపడ్డాడు.

==ఎడ్డీ సోదరుల ఇల్లు==
1874లో వెర్మాంట్ రాష్ట్రంలోని చిట్టెండెన్ గ్రామంలో ఎడ్డీ సోదరులనే రైతుల ఇంట రాత్రిపూట చనిపోయినవారి ఆత్మలు రూపం దాల్చి కనిపిస్తున్నాయని వార్త పొక్కింది. ఆల్కాట్ పత్రికల తరఫున అక్కడికి వెళ్ళి వారాల తరబడి ఉన్నాడు. కాంట్రాక్టర్ల లెక్కలను తనిఖీ చేసినట్లే దయ్యాలనూ తనిఖీ చేశాడనవచ్చు. గది కొలతలు తీసుకున్నాడు, రహస్యద్వారాలున్నాయేమోనని గోడలు, నేల పరీక్షించాడు, కనిపించిన ఆకారాల ఎత్తు కొలిచాడు. హోంటో అనే స్త్రీ ఆకారాన్ని త్రాసుపై నిలబెట్టి తూచగా ఒకసారి 88 పౌండ్లు, మరి రెండుసార్లు 58 పౌండ్లు, ఇంకొకసారి 65 పౌండ్లు తూగిందని వ్రాసుకున్నాడు. అయితే గది చీకటిగా ఉండేది, షరతులు ఎడ్డీ సోదరులవి. ఈ లోపాన్ని తరువాతి విమర్శకులు గట్టిగా ఎత్తిచూపారు. ఆల్కాట్ మాత్రం నమ్మాడు. ఆ వృత్తాంతాన్ని 1875లో పుస్తకంగా వెలువరించాడు.

ఆ ఇంటనే 1874 అక్టోబరులో రష్యా దేశీయురాలైన హెలెనా బ్లావట్‌స్కీతో పరిచయమైంది. 1875 నవంబరు 17న న్యూయార్కులో దివ్యజ్ఞాన సమాజం ప్రారంభమైంది. వీరిద్దరూ 1879 ఫిబ్రవరిలో బొంబాయి చేరారు.

==గుంటూరు యాత్ర==
1882 మే 3న ఆల్కాట్, బ్లావట్‌స్కీ మద్రాసు వద్ద బకింగ్‌హాం కాలువలో పడవ ఎక్కారు. అప్పటికి మద్రాసు నుండి బెజవాడకు రైలుమార్గం లేదు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తి కావడంతో కృష్ణా డెల్టాలో కాలువలే రహదారులయ్యాయి. వీరు నెల్లూరులో ఆగి, అక్కడి నుండి పెదగంజాం వరకు మళ్ళీ పడవలోనే వెళ్ళారు. కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందిన కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువను కలిసేది ఈ ఊరి వద్దనే. పెదగంజాం నుండి పల్లకీలలో, మండు వేసవిలో, గుంటూరు చేరారు. అక్కడ పెద్ద జనసమూహం స్వాగతం పలికింది. నెల్లూరు, గుంటూరు రెండింటా సమాజ శాఖలు ఏర్పడ్డాయి. ఈ యాత్ర గురించి మనకు తెలిసినదానిలో అధికభాగం ఆల్కాట్ స్వయంగా వ్రాసుకున్న జ్ఞాపకాల నుండి వచ్చినదే కనుక జనసమూహాల వర్ణనను కొంత జాగ్రత్తగా చదవాలి.

మద్రాసుకు తిరిగివచ్చాక, మే 31న అడయారు నది ఒడ్డున ఒక తోట, బంగళా చూసి నచ్చి కొన్నారు. ఆ సంవత్సరం డిసెంబరులో సమాజ కేంద్రం బొంబాయి నుండి అక్కడికి మారింది.

==చేతిస్పర్శతో చికిత్స==
1882 ఆగస్టులో సింహళంలోని గాలెలో పక్షవాత రోగి ఒకనికి చేతులతో నిమిరి చికిత్స చేయడంతో ఆల్కాట్ పేరు మారుమ్రోగింది. మరుసటి సంవత్సరం బెంగాలులో రోగులు వేల సంఖ్యలో వచ్చారు. ఆరోగ్యం దెబ్బతినడంతో 1883 చివరలో ఈ పని మానుకున్నాడు.

==హాడ్జ్‌సన్ నివేదిక==
అడయారులో అదృశ్య మహాత్ముల నుండి ఉత్తరాలు వచ్చి పడుతున్నాయన్న ప్రచారం పెద్ద వివాదమైంది. వాటి వెనుక మోసముందని సూచించే లేఖలను 1884 సెప్టెంబరులో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రిక ప్రచురించింది. అతీంద్రియ విషయాల పరిశోధనకై 1882లో లండనులో ఏర్పడిన సంఘం రిచర్డ్ హాడ్జ్‌సన్‌ను అడయారుకు పంపింది. 1885 డిసెంబరులో వెలువడిన నివేదిక బ్లావట్‌స్కీని మోసగత్తెగా తేల్చింది. ఆల్కాట్ మోసంలో భాగస్వామి కాడని, అయితే అతిగా నమ్మే మనిషి కనుక అతని సాక్ష్యానికి విలువ లేదని అభిప్రాయపడింది. సాక్ష్యాలను తూచడమే వృత్తిగా ఎదిగిన వానికి ఇంతకన్న పెద్ద దెబ్బ ఉండదు. 1986లో అదే సంఘం పత్రికలో వెర్నన్ హారిసన్ ఈ నివేదికలోని దస్తూరి పరీక్షను తప్పుపట్టాడు. మోసం జరగలేదని మాత్రం దానివల్ల రుజువు కాలేదు.

==విద్యాసేవ==
వివాదాలకు అతీతంగా నిలిచినది ఇతని విద్యాసేవ. 1880లో సింహళంలో బౌద్ధాన్ని స్వీకరించి, అక్కడ బౌద్ధ పాఠశాలల ఉద్యమం నడిపాడు. 1886లో అడయారు గ్రంథాలయాన్ని స్థాపించాడు. అది తాళపత్ర గ్రంథాలకు పెద్ద నిలయమయింది. 1894లో అడయారు సమీపంలో అంటరానివారిగా చూడబడిన కులాల పిల్లలకు ఉచిత పాఠశాల తెరిచాడు.

==మరణం==
1906లో ఓడ ప్రయాణంలో మెట్లపై నుండి జారిపడి, గాయంతో అడయారు చేరిన ఆల్కాట్ తిరిగి కోలుకోలేదు. మహాత్ములు తన పడక వద్ద కనిపించి అనీబిసెంట్‌ను తదుపరి అధ్యక్షురాలిగా సూచించారని చివరి రోజులలో ప్రకటించాడు. సమాజంలోనే కొందరు దీనిని అంగీకరించలేదు. 1907 ఫిబ్రవరి 17న మరణించాడు. ఆ సంవత్సరమే జరిగిన ఎన్నికలో అనీబిసెంట్ అధ్యక్షురాలయింది.