నెత్తురు చుక్కలో చలిజ్వరాన్ని పట్టిన డాక్టరు రాస్

చలిజ్వరం అంటే ఏమిటో మన జిల్లాల వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఉట్నూరు, ఆసిఫాబాదు గూడేల నుంచి మంథని, మహదేవపూర్ అడవి పల్లెల దాకా తరతరాలుగా వానాకాలం వెంట వచ్చిన జబ్బు అది. జ్వరపడిన మనిషి వేలు గుచ్చి, చుక్క నెత్తురు గాజుపలకకు పూసి పట్టుకెళ్లే ఆరోగ్య కార్యకర్తలను మన ఊళ్లు బాగా ఎరుగును. ఆ పూత వెనుక డాక్టరు రొనాల్డ్ రాస్ చేయి ఉంది. దోమ గుట్టు విప్పినవారుగా బడిపిల్లలకు కూడా ఆయన తెలుసు. ఈ సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో పుట్టారు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పెద్ద అధికారి. కుర్రవానికి కవిత్వం మీద మనసు; వైద్యం చదవాలన్నది తండ్రి పట్టుదల. లండన్‌లో చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు.

అప్పటికి ఏడాది ముందే, 1880లో, అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి నెత్తురులో మలేరియా క్రిములను చూశాడు. రాస్ నమ్మలేదు. తానూ సూక్ష్మదర్శినితో వెతికారు, కనిపించలేదు. అక్కడితో ఊరుకోక, జ్వరాలకు మూలం పేగులలో ఉందని వ్యాసాలు కూడా వ్రాశారు. పదేళ్లకు పైగా జ్వర రోగుల మధ్య తిరిగిన డాక్టరుకే ఆ క్రిమి కంటబడలేదంటే, చూడడం నేర్చుకోవలసిన పని అని తెలుస్తోంది. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద వైద్యుడు ఆయనకు ఆ క్రిములను కళ్లారా చూపించారు. నెత్తురులోని ఈ క్రిమికి దోమతో సంబంధం ఉండవచ్చునన్న ఊహ కూడా మాన్సన్‌దే.

1895లో రాస్ సికిందరాబాదు చేరారు. ఇప్పటి కరీంనగర్ ప్రాంతం అప్పుడు ఎలగందల జిల్లాగా అదే నిజాం రాజ్యంలో ఉండేది. బేగంపేటలో పటాలం ఆస్పత్రి ఆయన పనిచోటు. నడుమ బెంగుళూరుకు, నీలగిరులకు పోయివచ్చారు. అక్కడ తానే మలేరియాతో పడకేశారు. వందలాది దోమలను కోసి చూశారు. అవన్నీ వేరే జాతి దోమలు కావడంతో శ్రమ వృథా అయింది.

1897 ఆగస్టు మండుటెండలో పంకా వేసుకోవడానికి లేదు, వేస్తే దోమలు ఎగిరిపోతాయి. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 16న మచ్చల రెక్కల దోమలను హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిపై వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. నోబెల్ బహుమతి కథ చెప్పేవారు హుసేన్ ఖాన్‌ను ఒక్క ముక్కతో దాటేస్తారు. ఇది సబబు కాదు. ఆగస్టు 20న ఆ దోమలలో ఒకదాని పొట్టగోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. ఆ నల్లని రేణువులు మలేరియా రోగుల నెత్తురులో రాస్ చూసినవే. నెత్తురు పూతలు చూసి చూసి ఉన్నందువల్లనే ఆయన వాటిని గుర్తుపట్టారు.

1898లో కలకత్తా బదిలీ అయ్యారు. అక్కడ ప్లేగు టీకాల భయం వల్ల వేలికి సూది అంటేనే జనం పారిపోయేవారు. దాంతో పక్షులకు వచ్చే మలేరియాపై పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో బయటికి వస్తుందని తేల్చారు. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు ఆయన వెంట ఉన్నాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ఘనత ఎవరిదన్న విషయమై ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీతో చాలాకాలం కలహించారు. ఆయన కోపిష్టి మనిషే.

మన పల్లెలకు ఎక్కువగా పనికివచ్చినది 1903 నాటి ఆయన పద్ధతి. పలుచని పూతలో నెత్తురు తక్కువ. క్రిములు కొద్దిగా ఉంటే ఎంత వెతికినా దొరకవు. రాస్ చుక్కను మందంగా పూసి, ఆరాక నీటితో ఎరుపు కడిగి, రంగు వేసి చూశారు. అంతే చోటులో ఎన్నో రెట్లు ఎక్కువ నెత్తురు కంటి కిందికి వస్తుంది. ఈ పద్ధతిని తర్వాతివారు మెరుగుపరచారు. ఇప్పటికీ ఒకే గాజుపలకపై రెండు పూతలు తీస్తారు: మందపు పూతలో క్రిమి ఉందా లేదా అని, పలుచని పూతలో అది ఏ జాతిది అని చూస్తారు. జాతిని బట్టి మందు, వాడవలసిన రోజులు మారతాయి. ఫాల్సిపారం రకమైతే మెదడుకెక్కి రోజుల్లోనే ప్రాణం తీయగలదు. టైఫాయిడు, డెంగీ కూడా జ్వరంతోనే మొదలవుతాయి. చేయి పట్టి చూసి ఇది ఫలానా జ్వరమని చెప్పడం ఎంత అనుభవజ్ఞుడికైనా కష్టమే. ఇప్పుడు నిమిషాలలో ఫలితం చెప్పే పరీక్ష పట్టీలు ఆశా కార్యకర్తల చేతికి వచ్చాయి గాని, పూత పరీక్ష పోలేదు.

రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. ఆయన పనిచేసిన బేగంపేట భవనానికి ఆయన పేరే పెట్టారు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.