జేబులో ఇమిడిన ఆట – గున్‌పే యొకోయి జీవితము

అరచేతిలో ఇమిడే ఆటయంత్రములు నేడు మన విద్యార్థుల జేబులలో తరచుగా కనబడుచున్నవి. ముప్పది, నలుబది ఏండ్ల నాటి వీడియో ఆటలను వందలకొలదిగా ఒక్క చిన్న పెట్టెలో నింపి అమ్ముచున్నారు. ఆ పెట్టెపై ఎడమ బొటనవ్రేలి క్రింద కూడిక గుర్తువంటి మీట ఒకటి యుండును. ఆ మీటను ఆ రూపమున తీర్చినవాడు, జేబు ఆటయంత్రమును లోకవ్యాప్తము చేసినవాడు గున్‌పే యొకోయి అను జపాను దేశీయుడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల నుండి వచ్చి చదువుకొనుచు, సాయంకాలము రేడియో, సెల్‌ఫోను మరమ్మతు అంగళ్ళలో పనిచేయు మిత్రులు మనలో కలరు. యొకోయి మొదటి ఉద్యోగము కూడ యంత్రములను బాగుచేయుటయే. అందుచేతనే ఆయన జీవితమును ఈ సంచికలో చెప్పదలచితిమి.

ఆయన 1941 సెప్టెంబరు 10న క్యోటో నగరమున జన్మించినారు. అచ్చటి దోషిషా విశ్వవిద్యాలయములో ఎలక్ట్రానిక్సు చదివినారు. పెద్ద విద్యుత్ పరికరముల సంస్థలలో చోటు దొరకలేదు. 1965లో సొంత ఊరిలోనే ఉన్న నింటెండో అను సంస్థలో చేరినారు. ఆనాటికి అది వీడియో ఆటల సంస్థ కాదు. 1889 నుండి హనఫుదా అను పూలబొమ్మల పేకముక్కలు చేయుచుండిన పాత వ్యాపారము. ఆ ముక్కలను తయారుచేయు యంత్రములు చెడకుండ చూచుకొనుటయే మన ఇంజనీరు పని.

యంత్రములు సరిగా నడచుచున్నప్పుడు ఆయనకు చేయుటకేమియు లేదు. తీరిక వేళలో కత్తెరవలె ఒకదానికొకటి తగిలించిన పట్టీలతో ఒక బొమ్మ చేసినారు. పిడులను దగ్గరకు నొక్కిన యెడల అది ముందుకు సాగి దూరమున నున్న వస్తువును పట్టుకొనును. సంస్థ అధ్యక్షుడు హిరోషి యమౌచి దానిని చూచి పిలిపించినారు. చీవాట్లు తప్పవనుకొని వెళ్ళిన యొకోయికి దానినే అమ్మకపు వస్తువుగా తయారుచేయుమను ఆజ్ఞ లభించినది. 1966లో వెలువడిన ఆ ‘అల్ట్రా హ్యాండ్’ పన్నెండు లక్షల వరకు అమ్ముడుపోయినది. మరమ్మతు పని అంతటితో ముగిసినది. ఆయన బొమ్మల రూపకర్తయైనారు.

1970ల చివరిభాగమున ఒకనాడు ఆయన షింకన్‌సెన్ అను అతివేగపు రైలులో ప్రయాణించుచుండగా, ఒక ఉద్యోగి ఏమియు తోచక క్యాలిక్యులేటరు మీటలను ఊరక నొక్కుచు కాలము గడుపుట కంటబడినది. పెద్దవారు సిగ్గుపడక చేతులమధ్య దాచుకొని ఆడుకొనదగిన చిన్న యంత్రమున్న బాగుండునని తోచినది. తరువాత ఒక దినము అధ్యక్షుని కారు నడుపువాడు రాకపోగా, యొకోయియే ఆ కారు నడపవలసివచ్చినది. దారిలో మాటవరుసకు ఈ ఊహను చెప్పినారు. ఆ దినపు సమావేశములో యమౌచి ప్రక్కన కూర్చున్నది షార్ప్ సంస్థ అధ్యక్షుడు! క్యాలిక్యులేటర్ల ధరల పోటీ చల్లారి, షార్ప్ వద్ద తెరలు తయారుచేయు శక్తి మిగిలియుండిన కాలమది. కొలది దినములలోనే ఆ సంస్థ వారు వచ్చి పని ప్రారంభించినారు.

1980లో ‘గేమ్ అండ్ వాచ్’ అట్లు పుట్టినది. ద్రవస్ఫటికపు తెర తాను వెలుగునీయదు. బయటి వెలుతురులో నల్లని గుర్తులను మాత్రమే చూపును. కావున గడియారములో వేయు బిళ్ళవంటి బ్యాటరీలే దానికి చాలును. ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క ఆట. ఆట లేని వేళ అది గడియారము. 1982లో ‘డాంకీ కాంగ్’ ఆటను మడతపెట్టు పెట్టెలో అమర్చవలసివచ్చినప్పుడు, నిలువుగా పొడుచుకొనివచ్చు పిడి జేబులో పట్టదు గనుక దానిని చదును చేసి కూడిక గుర్తు మీటగా మార్చినారు. ఆ యంత్రములన్నియు కలసి 4 కోట్ల 34 లక్షలు అమ్ముడైనవి.

ఆయన సూత్రమును మా మాటలలో చెప్పవలెనన్న ఇది: పాతబడి, లోపములన్నియు బయటపడి, చౌకయైన పరికరమును తీసికొని ఇతరులు తలంపని పనికి వాడవలెను. క్యాలిక్యులేటరును ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో ఎందరు చూడలేదు? అందరికిని అది లెక్కలపెట్టె మాత్రమే. అయితే మన రచ్చబండలపై పులిజూదము గీచిన పెద్దలకు ఈ సూత్రము తెలియనిది కాదు. బొగ్గుముక్క, గులకరాళ్ళు తప్ప వారికి వేరు సామగ్రి యేది?

1989 ఏప్రిలు 21న వెలువడిన ‘గేమ్ బాయ్’ ఈ సూత్రమునకు గొప్ప పరీక్ష. ఆటలు మార్చుకొనవచ్చును గాని, తెరకు రంగులు లేవు, లోపల దీపము లేదు. అదే సంవత్సరము అటారీ వారి ‘లింక్స్’, మరుసటి యేడు సెగా వారి ‘గేమ్ గేర్’ రంగుల తెరలతో వచ్చినవి. అవి ఆరేసి బ్యాటరీలను నాలుగైదు గంటలలో మ్రింగివేసెడివి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు మించి నడచెడిది. బ్యాటరీల వెల భరించు తల్లిదండ్రులే తీర్పు చెప్పినారనవలెను. రష్యా దేశీయుడు అలెక్సీ పజిత్నోవ్ 1984లో రూపొందించిన ‘టెట్రిస్’ తోడుకాగా పెద్దలును దానికి వశులైనారు. 1993లో అలెక్సాండర్ సెరెబ్రోవ్ అను వ్యోమగామి దానిని మీర్ అంతరిక్షకేంద్రమునకు తీసికొనిపోయినాడు. తరువాతి రంగుల నమూనాతో కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడైనవి. ఇటుకలు పేర్చు ఆ ఆటకు చౌకబారు అనుకరణలు మన దేశపు బజారులను నింపినవి. గండిలో శ్రావణ శనివారములకును, కడప పెద్దదర్గా ఉరుసుకును వెళ్ళి బొమ్మల అంగళ్ళ ముందు నిలిచిన ఆనాటి పిల్లలకు వాని సంగతి చెప్పనక్కరలేదు.

1995లో ఆయన చేసిన ‘వర్చువల్ బాయ్’ ఘోరముగా విఫలమైనది. అదియును చౌకయైన ఎఱ్ఱని దీపములతోనే చేయబడినది. సూత్రము తప్పినదనుట మాకు సమ్మతము కాదు. బల్లపై నుంచి, తల వంచి, కన్నులు ఆనించి చూడవలసిన యంత్రమది. జేబులో పట్టదు, ప్రక్కవానితో పంచుకొనుటకు వీలులేదు, చూచినవారికి తలనొప్పి. చౌకదనము మిగిలినది గాని, రైలులో ఆయన చూచిన ఆ మనుష్యుడు దృష్టినుండి జారిపోయినాడు. సుమారు 7 లక్షల 70 వేలు మాత్రమే అమ్ముడై, మరుసటి యేడే ఆగిపోయినది.

1996లో మరింత చిన్నదైన ‘గేమ్ బాయ్ పాకెట్’ను వెలువరించి, ఆగస్టు 15న, ముప్పదియొక్క సంవత్సరముల కొలువును విడిచినారు. అపజయమే కారణమని లోకమనుకొన్నది, ఆయన అంగీకరింపలేదు. క్యోటోలోనే ‘కోటో’ అను చిన్న సంస్థను స్థాపించి, బాండాయ్ సంస్థ కొరకు మరియొక జేబు యంత్రమును రూపొందింపసాగినారు.

1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతమున హొకురికు రహదారిపై ఆయన ప్రయాణించుచున్న కారు ముందున్న లారీని తాకినది. ఏమి చెడినదో చూచుటకు దిగి నిలువగా మరియొక కారు ఢీకొన్నది. ఆయన వయస్సు ఏబదియారు సంవత్సరములు.

ఆ యంత్రము ‘వండర్‌స్వాన్’ పేరుతో 1999 మార్చి 4న విడుదలయైనది. రంగులు లేవు, ఒక్క బ్యాటరీతో ముప్పది గంటల వరకు నడచెడిది. దానితోపాటు వచ్చిన గీతలు కలుపు ఆటకు ‘గున్‌పే’ యని ఆయన పేరే పెట్టినారు.