వానలెక్క కట్టిన వాకర్

మృగశిర ప్రవేశించినది మొదలు పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల మెట్టరైతు చూపు ఆకాశముమీదనే నిలిచియుండును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో సయితము, కాలువ యందని చేనుకు తొలకరియే దిక్కు. ఈ యేడు వానలు కురియునా యను ప్రశ్నకు గణితమున సమాధానము వెదకుచు ఇరువదియేండ్లు భారతదేశమున గడపిన శాస్త్రజ్ఞుడు సర్ గిల్బర్ట్ వాకర్.

ఆయన 1868లో ఇంగ్లండులోని రాచ్‌డేలునందు జన్మించెను. 1889లో కేంబ్రిడ్జి గణితపరీక్షయందు ప్రథముడై, పిదప అచ్చటనే అధ్యాపకుడాయెను. బూమరాంగు గమనమును గణితముచే వివరించుట ఆయనకు మిక్కిలి ప్రీతి. వాతావరణశాస్త్రముతో మాత్రము పరిచయము లేదు. అట్టివాడు భారతదేశమునకు వచ్చి, 1904లో వాతావరణశాఖకు అధిపతి యాయెను. మరుసటి యేట శాఖ కేంద్రము సిమ్లాకు మారెను.

అంతకు ముందు 1899లో, మంచి వర్షములు కురియునని శాఖ వేసిన అంచనా తప్పెను. ఋతుపవనములు మొగము చాటువేయగా ఘోరక్షామము సంభవించెను. ప్రకృతి సూత్రము తెలియనిచోట అంకెలనే అడుగవలెనని వాకర్ నిశ్చయించెను. ప్రపంచము నలుమూలలనుండి వాయుపీడనము, ఉష్ణోగ్రత, వర్షపాతముల లెక్కలు సేకరించెను. కంప్యూటర్లు లేని కాలమది. కార్యాలయమందలి భారతీయ గుమాస్తాలే ఏండ్లతరబడి ఆ అంకెలను ఒకదానితో నొకటి పోల్చి, వాని పొంతనలను చేతితో లెక్కగట్టిరి.

ఆ రాసులలో ఒక క్రమము గోచరించెను. పసిఫిక్ సముద్రముపై వాయుపీడనము హెచ్చినపుడు హిందూమహాసముద్రముపై తగ్గును. అచ్చట తగ్గినపుడు ఇచ్చట హెచ్చును. త్రాసుతట్టలను బోలిన ఈ యూగులాటకు ఆయన దక్షిణ డోలనమని పేరిడెను. 1924లో పదవి విరమించి, లండన్ ఇంపీరియల్ కళాశాలలో ఆచార్యుడాయెను. అయినను వానజోస్యము నమ్మదగినంతగా కుదరలేదు. కారణము చూపలేని పొంతనలను పలువురు శంకించిరి. 1958లో వాకర్ మరణించెను.

ఆ కారణము 1969లో బయల్పడెను. ఆ డోలనము పసిఫిక్ జలములు వేడెక్కు ఎల్‌నినోతో ముడివడియున్నదని జేకబ్ బ్యెర్క్‌నెస్ వివరించి, అచ్చటి వాయుచక్రమునకు వాకర్ పేరు పెట్టెను. నేడు గాలి, కడలి, బొగ్గుపులుసు వాయువు మొదలగువాని ప్రభావములను భౌతికసూత్రములచే లెక్కించు కంప్యూటరు నమూనాలు వచ్చినవి. వాకర్ కనుగొన్న డోలనమును సరిగా చూపగలుగుట వాని కొక పరీక్ష.

ఏ చేనిపై ఏనాడు వాన పడునో నెలల ముందు చెప్పుట యిప్పటికిని సాధ్యము కాదు. అయినను ఎల్‌నినో పొడసూపినదన్న హెచ్చరిక, విత్తులు చల్లుటకు ముందే పాలమూరునకు చేరుచున్నది. ఆ హెచ్చరిక వెనుక సిమ్లా గుమాస్తాల చేతిలెక్క కలదు.