మూడు గుడ్లు, కొన్ని ఉత్తరాలు

కెప్టెన్ స్కాట్ 1910లో దక్షిణ ధ్రువ యాత్రకి మనుషుల్ని తీసుకుంటున్నాడని తెలిసి దాదాపు 8,000 మంది అప్లై చేశారు. వాళ్లలో ఆప్స్లీ చెర్రీ-గారార్డ్ ఒకడు. వయసు 24. ఆక్స్‌ఫర్డ్‌లో హిస్టరీ చదివాడు. తండ్రి చనిపోవడంతో పెద్ద ఎస్టేట్‌కి వారసుడయ్యాడు. డబ్బుకి లోటు లేదు, కానీ చూపు బాగా తక్కువ. కళ్లజోడు తీస్తే ఎదుటి మనిషి కూడా మసకే.

రెండుసార్లు అప్లై చేశాడు, రెండుసార్లూ రిజెక్ట్ అయ్యాడు. యాత్రకి 1,000 పౌండ్లు విరాళం ఇస్తానని ముందే చెప్పి ఉన్నాడు. తనని తీసుకోకపోయినా ఆ డబ్బు ఉంచుకోమన్నాడు. అది స్కాట్‌కి నచ్చింది. సైంటిస్టుల టీమ్‌కి హెడ్ అయిన ఎడ్వర్డ్ విల్సన్ కూడా అతని తరఫున మాట్లాడాడు. అలా అసిస్టెంట్ జువాలజిస్ట్‌గా ఓడెక్కాడు. టీమ్‌లో వయసులో చిన్నవాళ్లలో ఒకడు. అందరూ అతన్ని చెర్రీ అనే పిలిచేవాళ్లు.

స్కాట్ లక్ష్యం ధ్రువం అయితే, విల్సన్‌కి ఇంకో లక్ష్యం కూడా ఉండేది. ఎంపరర్ పెంగ్విన్ గుడ్లు. అది చాలా పాత జాతి పక్షి అని అప్పట్లో అనుకునేవాళ్లు. గుడ్డు లోపలి పిండాన్ని పరిశీలిస్తే పక్షులు సరీసృపాల నుంచి ఎలా వచ్చాయో తెలుస్తుందని విల్సన్ ఆశ. చిక్కేమిటంటే ఈ పెంగ్విన్ గుడ్డు పెట్టేది చలికాలంలోనే. అంటార్కిటికాలో చలికాలం అంటే నెలల తరబడి సూర్యుడు కనబడడు.

1911 జూన్ 27న విల్సన్, బవర్స్, చెర్రీ ముగ్గురూ క్రోజియర్ అగ్రానికి బయల్దేరారు. వెళ్లడానికే వంద కిలోమీటర్ల పైన. స్లెడ్జి బళ్లని తామే లాక్కుంటూ చీకట్లో నడవాలి. చలి ఒక దశలో మైనస్ 60 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయింది. వేసుకున్న బట్టలు రేకులా బిగుసుకుపోయేవి. పళ్లు టకటకలాడీ ఆడీ చెర్రీ పళ్లు పగిలాయి. ఊపిరి గడ్డకట్టి అద్దాలు కమ్మేస్తాయి కాబట్టి కళ్లజోడు పెట్టుకోవడం కుదరలేదు. అంటే చీకటికి తోడు చూపు కూడా లేదు.

గుడ్లు ఐదు దొరికాయి. తిరిగి వచ్చేదారిలో తడబడి, చెర్రీ తన దగ్గరున్న రెండూ పగలగొట్టేశాడు. మూడు మిగిలాయి. తర్వాత తుఫాను వాళ్ల టెంట్‌ని ఎగరేసుకుపోయింది. రాళ్లతో కట్టుకున్న గుడిసె మీద కప్పిన గుడ్డ చీలికలైపోయింది. చావు ఖాయమనుకున్నారు. గాలి తగ్గాక వెతికితే టెంట్ కొండ కింద దొరికింది. అది దొరక్కపోతే ఈ కథే లేదు. ఆగస్టు 1న ముగ్గురూ బేస్‌కి చేరారు.

మరుసటి సంవత్సరం విల్సన్, బవర్స్ ఇద్దరూ స్కాట్‌తో పాటు ధ్రువం చేరి, తిరుగు దారిలో చనిపోయారు. ఆ మార్చిలో చెర్రీ కుక్కల బండితో వన్ టన్ డిపో దాకా వెళ్లి వాళ్ల కోసం ఎదురుచూశాడు. తుఫాను వచ్చింది, కుక్కలకి తిండి తక్కువైంది, కుక్కల్ని ప్రమాదంలో పెట్టొద్దని ఆర్డర్ ఉంది. వెనక్కి వచ్చేశాడు. నవంబర్ 12న వెతుకుతూ వెళ్లిన టీమ్‌లో అతనూ ఉన్నాడు. స్నేహితుల టెంట్ ఆ డిపోకి కేవలం 18 కిలోమీటర్ల దూరంలో కనిపించింది. ఇంకొంచెం ముందుకెళ్లి ఉంటే అన్న ఆలోచన అతన్ని బతికినంతకాలం వదల్లేదు.

1913లో ఆ మూడు గుడ్లనీ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంకి స్వయంగా తీసుకెళ్లాడు. అక్కడ కాసేపు వరండాలో కూర్చోబెట్టారు, పెద్దగా పట్టించుకోలేదు. 1934లో రిపోర్ట్ వచ్చింది. విల్సన్ అడిగిన ప్రశ్నకి ఆ పిండాలు పెద్దగా ఉపయోగపడలేదని తేలింది.

సాధారణంగా చెర్రీ కథని ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం దీని తర్వాతి భాగమే ముఖ్యం అనిపిస్తుంది.

న్యూజిలాండ్‌కీ అంటార్కిటికాకీ మధ్య మాక్వారీ అనే చిన్న దీవి ఉంది. రాయల్ పెంగ్విన్ గుడ్లు పెట్టేది అక్కడే. జోసెఫ్ హాచ్ అనే న్యూజిలాండ్ వ్యాపారి ఆ దీవిలో పెద్ద ఇనుప బాయిలర్లు పెట్టి పెంగ్విన్‌లని చంపి, ఉడికించి, నూనె తీయించేవాడు. ఒక్కో పక్షి నుంచి వచ్చేది అర లీటరు. దాన్ని తాళ్ల తయారీ లాంటి పనులకి వాడేవాళ్లు. దాదాపు 30 ఏళ్లు ఇదే బిజినెస్. ప్రభుత్వ లైసెన్స్ ఉంది కాబట్టి చట్టరీత్యా తప్పేం లేదు. అది ఆపాలని విల్సన్ బతికుండగానే అన్నాడు. ఇప్పుడు విల్సన్ లేడు.

చెర్రీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఆర్మర్డ్ కార్ల దళాన్ని నడిపి, పేగుల జబ్బుతో 1916లో ఇంటికి చేరాడు. ముప్పై ఏళ్లకే మంచాన పడ్డాడు. ఆ సమయంలోనే ఈ పెంగ్విన్‌ల సంగతి చేతికెత్తుకున్నాడు. మాక్వారీ దీవిలో అతను ఎప్పుడూ కాలు పెట్టలేదు. ఉన్నదల్లా కలం, పోస్టు, తెలిసిన మనుషులు. పత్రికలకి ఉత్తరాలు రాశాడు, పలుకుబడి ఉన్నవాళ్లని కదిలించాడు. రచయిత హెచ్.జి. వెల్స్ 1919లో వచ్చిన తన నవలలో ఈ దారుణం గురించి రాశాడు. అటు ఆస్ట్రేలియాలో అన్వేషకుడు మాసన్, ఫోటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ గట్టిగా పోరాడారు. చివరికి టాస్మేనియా ప్రభుత్వం హాచ్ లైసెన్స్‌ని రెన్యూ చేయలేదు. 1933లో ఆ దీవి అభయారణ్యం అయింది, 1997లో ప్రపంచ వారసత్వ ప్రదేశం. తుప్పు పట్టిన బాయిలర్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటి చుట్టూ కింగ్ పెంగ్విన్‌లు గుంపులు గుంపులుగా నిలబడి ఉంటాయి.

రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రాణాలకి తెగించి ఐదు వారాలు చేసిన ప్రయాణం వల్ల సైన్సుకి దక్కింది తక్కువ. జబ్బుతో ఇంట్లో ఉండి, ఇంకొందరితో కలిసి చేసిన పని వల్ల ఒక దీవి మొత్తం బతికింది. మొదటి దాని మీద అతను 1922లో రాసిన పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. రెండోది చాలామందికి తెలీదు. ధ్రువాల కోసం ఏదైనా చేయాలంటే అక్కడికి వెళ్లి తీరాలేమో అనుకునే మనలాంటి వాళ్లకి, ఆ రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

చెర్రీ తర్వాతి జీవితం సాఫీగా ఏం సాగలేదు. డిప్రెషన్ మళ్లీ మళ్లీ వచ్చింది. 1959 మే 18న చనిపోయాడు. అదే ఏడాది డిసెంబర్ 1న 12 దేశాలు అంటార్కిటిక్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1991లో దానికి పర్యావరణ ప్రోటోకాల్ తోడై, మైనింగ్‌ని నిషేధించింది. ఇప్పుడు పర్మిట్ లేకుండా అక్కడ ఒక పెంగ్విన్ గుడ్డు తీసినా నేరమే.

కానీ ఎంపరర్ పెంగ్విన్‌కి ఇప్పుడొచ్చిన ప్రమాదం వేరు. అది పిల్లల్ని పెంచేది సముద్రం మీద గడ్డకట్టిన మంచు మీద. 2022లో బెల్లింగ్‌షౌజెన్ సముద్రంలో ఆ మంచు ముందే విరిగిపోయి, అక్కడి ఐదు కాలనీల్లో నాలుగింటిలో పిల్లలు బతకలేదని అనుకుంటున్నారు. ఈసారి రద్దు చేయించాల్సిన లైసెన్స్ ఒక ఆఫీసులో, ఒక వ్యాపారి పేరు మీద లేదు. మనం కాల్చే పెట్రోల్‌లో, బొగ్గులో, అన్ని దేశాల్లోనూ ఉంది. అందుకే ఈసారి ఉత్తరాలు చాలా ఎక్కువ రాయాలి, చాలా ఎక్కువమంది రాయాలి.