కలియుగ భీముడు కోడి రామమూర్తి

మన గూడెంలో తెల్లారగట్ల పరుగెత్తి, పిక్కలు పట్టేసి కూలబడే మిత్రులను చూసినప్పుడల్లా నాకు కోడి రామమూర్తి నాయుడుగారు గుర్తొస్తారు.

ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన ఆయన విజయనగరంలో కుస్తీ నేర్చి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, కొన్నాళ్లు డ్రిల్లు మాస్టరుగా పనిచేశారు. తర్వాత సర్కస్ పెట్టి, రొమ్ముమీద ఏనుగును ఎక్కించుకున్నారు, ఇనుపగొలుసులు తెంచారు, మోటారు కార్లను కదలకుండా పట్టి ఆపారు. అంతటివాడు శాకాహారి! ప్రాణాయామమే తన బలమని నమ్మినవారు.

మన మల్లులకు కసరత్తు ఎంతో, నూనె మర్దనా అంతే. వ్యాయామం చేశాక ఒళ్లంతా మర్దించుకోవాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఏనాడో చెప్పాడు. నేటి పరిశోధన ఆచితూచి మాట్లాడుతోంది. మర్దన బలాన్ని పెంచదు. లాక్టిక్ ఆమ్లం సుమారు గంటలో దానంతటదే సర్దుకుంటుంది. కాని మర్నాటి కండరాల నొప్పి మాత్రం కొంత తగ్గుతుంది.

ఏనుగుకు లొంగని ఆ దేహం కాలిమీద లేచిన పుండుకు లొంగింది. కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో ఒరిస్సాలోని బలాంగీర్‌లో ఆయన కన్నుమూశారు.

అందుకే మన కాలేజీ ఆటగాళ్లకు నా మనవి ఒక్కటే. అలసిన కండకు నూనె రాయండి, కంటినిండా నిద్రపోండి. వాపు, పుండు, చీము కనబడితే మాత్రం చెయ్యి పెట్టి నలపకండి, జట్టులో చోటు పోతుందని దాచకండి. నేరుగా డాక్టరు దగ్గరికి నడవండి. కాలుంటేనే కదా ఆట!