అందిన ప్రతి మేలూ ఒక మెట్టు - హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై)

అబ్బాయికి ఉద్యోగం వచ్చినా, సొంత ఇల్లు పూర్తయినా, జబ్బుపడ్డ తల్లి కోలుకున్నా మన నోటి నుండి వెంటనే అల్‌హందులిల్లాహ్ అనే మాట వెలువడుతుంది. ఇరుగుపొరుగుకు మిఠాయి పంచుతాము. మంచిదే. కాని నెల తిరిగేసరికి ఆ మేలు మనకు పాతబడిపోతుంది. మన నమాజులో, మన సంపాదనలో, మన మాటతీరులో ఏ మార్పూ కనిపించదు.

షుక్ర్ (కృతజ్ఞత) మూడు చోట్ల ఉండాలని ఉలమాలు చెబుతారు. ఈ మేలు అల్లాహ్ ప్రసాదించినదేనని హృదయం ఒప్పుకోవాలి. నాలుక ఆయన్ని స్తుతించాలి. శరీరం ఆ మేలును ఆయన మెచ్చే పనుల్లో వినియోగించాలి. మొదటి రెండూ తేలికే. మనలో చాలామంది మూడవ దాని దగ్గరే ఆగిపోతాము. ఆ మూడవ షుక్ర్ ఎలా ఉంటుందో చూడాలనుకునేవారికి హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) జీవితం ఒక అద్దం లాంటిది. ఆయనకు దక్కని ప్రాపంచిక భాగ్యం లేదు. అయినా ఏ భాగ్యం దగ్గరా ఆయన కూర్చుండిపోలేదు.

పుట్టుకతోనే లభించిన భాగ్యం

ఆయన హిజ్రీ 61వ సంవత్సర ప్రాంతంలో జన్మించారు. తండ్రి అబ్దుల్ అజీజ్ బిన్ మర్వాన్ ఈజిప్టు గవర్నరు, బనూ ఉమయ్యా రాజవంశీయుడు. తల్లి ఉమ్మె ఆసిమ్, హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) గారి మనుమరాలు. ఆ తల్లి పుట్టుక వెనక ఉన్న సంఘటన మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలిసినదే. ఒక రాత్రి గస్తీ తిరుగుతున్న హజ్రత్ ఉమర్ (రజి) చెవిన ఒక ఇంట్లో నుండి తల్లీకూతుళ్ళ మాటలు పడ్డాయి. పాలలో నీళ్ళు కలపమని తల్లి చెప్పింది. ఖలీఫా నిషేధించారని కూతురు గుర్తు చేసింది. ఖలీఫా ఇక్కడ చూడడం లేదు కదా అని తల్లి అంటే, ఆయన చూడకపోయినా ఆయన ప్రభువు చూస్తున్నాడని ఆ అమ్మాయి జవాబిచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) తన కుమారుడు ఆసిమ్‌కు ఆ అమ్మాయినిచ్చి నికాహ్ చేయించారు. వారి కూతురే ఉమ్మె ఆసిమ్. అంటే ఒక పేదింటి ఆడపిల్ల దైవభీతి ఆ వంశంలోకి వచ్చి, ఆమె మనుమడి రూపంలో ఫలించింది.

తండ్రి ఆయన్ని చదువు కోసం మదీనాలో ఉంచారు. అక్కడ తల్లికి పెదనాన్న వరస అయిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) దగ్గరికి చిన్నారి ఉమర్ తరచూ వెళ్ళేవారు. ఇంటికి వచ్చి, నేను పెద్దయ్యాక ఆయనలా అవుతానని తల్లితో చెప్పేవారు. నీవెక్కడ, ఆయనెక్కడ అని తల్లి నవ్వేదట.

ఒకరోజు నమాజుకు ఆలస్యంగా వచ్చినందుకు గురువు సాలిహ్ బిన్ కైసాన్ కారణమడిగారు. పనిమనిషి తల దువ్వుతూ ఉండగా ఆలస్యమైందని బాలుడు చెప్పాడు. జుట్టు మీది మమకారం నమాజును మించిపోయిందా అని గురువు బాధపడి ఈజిప్టులో ఉన్న తండ్రికి ఉత్తరం రాశారు. తండ్రి వెంటనే ఒక మనిషిని పంపి, వేరే మాట మాట్లాడక ముందే కొడుకు తల గొరిగించారు. గవర్నరు కొడుకన్న గారాబం అక్కడ పనిచేయలేదు. గురువు ఫిర్యాదు చేస్తే గురువునే తప్పుపట్టే తల్లిదండ్రులున్న ఈ రోజుల్లో ఈ సంఘటనను మేము ప్రత్యేకంగా గుర్తు చేస్తున్నాము.

మరో గురువు ఉబైదుల్లాహ్ బిన్ అబ్దుల్లాహ్. ఆ కాలంలో రాజవంశం వారు హజ్రత్ అలీ (రజి) గారిని నిందించేవారు. వారిని చూసి యువకుడైన ఉమర్ కూడా అదే చేశారు. ఇది విన్న గురువు ముఖం తిప్పుకున్నారు. అల్లాహ్ బద్ర్ సహాబాల పట్ల ప్రసన్నుడయ్యాక మళ్ళీ వారి మీద ఆగ్రహించాడని నీకు ఎప్పుడు తెలిసిందని అడిగారు. శిష్యుడు సిగ్గుపడి తౌబా చేసుకున్నారు. ఈ ఒక్క పాఠం తరువాత ఎంత పెద్ద మేలుకు దారితీసిందో ముందు చూద్దాము.

వైభవం, దాని వెంట ఒక గాయం

తండ్రి మరణానంతరం పెదనాన్న, ఖలీఫా అబ్దుల్ మలిక్ ఆయన్ని డమాస్కస్‌కు పిలిపించి తన కూతురు ఫాతిమానిచ్చి నికాహ్ చేశారు. హిజ్రీ 87 (క్రీ.శ. 706)లో, సుమారు పాతికేళ్ళ వయసులో, ఖలీఫా వలీద్ ఆయన్ని మదీనా గవర్నరుగా నియమించారు. ముప్ఫై ఒంటెల మీద సామానుతో ఆయన మదీనాలో ప్రవేశించారని చరిత్రకారులు రాశారు. ఆయన పూసుకునే అత్తరు పరిమళాన్ని బట్టే ఆయన అటుగా వెళ్ళారని జనానికి తెలిసేదట. ఆయన నడకకు ప్రత్యేకంగా ఉమరీ నడక అనే పేరుండేది. ఎంతో ఖరీదైన బట్ట తెచ్చి ఇచ్చినా గరుకుగా ఉందనేవారు.

అయితే ఆ వైభవంలో కూడా ఆయన ఒక మంచి పని చేశారు. ఉర్వా బిన్ జుబైర్, ఖాసిమ్ బిన్ ముహమ్మద్, సాలిమ్ బిన్ అబ్దుల్లాహ్ వంటి పదిమంది ధర్మవేత్తలను పిలిచి, మీ సలహా లేకుండా ఏ నిర్ణయమూ చేయనని, నా ఉద్యోగులెవరైనా అన్యాయం చేస్తే దాన్ని నాకు చేర్చడం మీ బాధ్యత అని చెప్పారు. మస్జిదె నబవీని విస్తరింపజేసే పని ఆయన పర్యవేక్షణలోనే జరిగింది. ఆయన వెనక నమాజు చేసిన వృద్ధ సహాబీ హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి), దైవప్రవక్త (సఅసం) నమాజుకు ఇంతగా పోలిన నమాజును తాను ఎవరి వెనకా చూడలేదని అన్నారు.

ఇలాంటి మనిషి చేతిలో కూడా ఒక ఘోరం జరిగింది. దాన్ని మేము దాచదలచుకోలేదు, ఎందుకంటే ఆయనా దాన్ని దాచలేదు. ఖలీఫా వలీద్ ఆజ్ఞ మేరకు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) కుమారుడు ఖుబైబ్‌ను కొరడాలతో కొట్టించి, చలిలో ఆయన మీద చల్లటి నీళ్ళు పోయించారు. ఖుబైబ్ మరణించారు. ఆ వార్త విని ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) కుప్పకూలిపోయారు. ఆ తరువాత జీవితాంతం, ఎవరైనా ఆయన్ని మెచ్చుకుని శుభవార్త చెబితే, మరి ఖుబైబ్ సంగతేమిటి అని అడిగేవారు. హిజ్రీ 93 (క్రీ.శ. 712)లో ఆయన మదీనా పదవి నుండి తొలగించబడ్డారు.

పదవి అనేది అల్లాహ్ ప్రసాదించే మేలే, కాని అది నిప్పు లాంటి మేలు. పైవాడి ఆజ్ఞ అనే సాకు మనిషి ముందు చెల్లవచ్చు, అల్లాహ్ ముందు చెల్లదని ఆయనకు ఆ రోజు అర్థమైంది. చాలామంది చేసిన తప్పును మరచిపోవడానికి సుఖాలను వెతుక్కుంటారు. ఆయన ఆ తప్పును గుర్తుంచుకుని, తనకు మిగిలిన సుఖాలను వదిలే శక్తి తెచ్చుకున్నారు.

పెద్ద భాగ్యమా, పెద్ద పరీక్షా?

హిజ్రీ 99, సఫర్ నెల (క్రీ.శ. 717). ఖలీఫా సులైమాన్ దాబిఖ్ అనే చోట మరణించారు. ఆలిమ్ రజా బిన్ హైవా సలహాతో ఆయన ముందే రాయించి, ముద్ర వేయించిన వీలునామాను మస్జిదులో విప్పి చదివారు. అందులో ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ పేరు ఉంది. ఆ పదవి కోసం ఎదురుచూసిన వారు ఇన్నా లిల్లాహి చదివారు, తమకు దక్కలేదని. ఆయనా అదే చదివారు, తనకు దక్కిందని!

ఆయన మింబరు మీదికెక్కి, నా అభిప్రాయం అడగకుండా ఈ భారం నా మీద పెట్టారు, మీ బైఅత్ (విధేయతా ప్రమాణం) నుండి మిమ్మల్ని విముక్తుల్ని చేస్తున్నాను, మీకు ఇష్టమైన వారిని ఎన్నుకోండని ప్రకటించారు. జనం ఆయన్నే కోరుకున్నారు. రాచ గుర్రాలను ముందుకు తెస్తే వాటిని అమ్మి సొమ్మును బైతుల్‌మాల్‌లో (ప్రభుత్వ ఖజానాలో) వేయమని చెప్పి, తన కంచరగాడిదనే ఎక్కారు.

సులైమాన్ ఖనన సంస్కారాలతో అలసిపోయి కాసేపు పడుకోబోతుండగా కుమారుడు అబ్దుల్ మలిక్ వచ్చాడు. అన్యాయంగా లాక్కున్న ఆస్తులను తిరిగి ఇప్పించకుండానే నిద్రపోతారా అని అడిగాడు. జుహ్ర్ నమాజు తరువాత చూస్తానని తండ్రి అంటే, జుహ్ర్ వరకు మీరు బ్రతికి ఉంటారన్న హామీ ఎవరిచ్చారని అడిగాడు. తండ్రి కొడుకును దగ్గరికి తీసుకుని నుదుటిని ముద్దాడి, ధర్మంలో తనకు తోడ్పడే సంతానాన్నిచ్చిన అల్లాహ్‌ను స్తుతించి, పడుకోకుండానే బయటికి వచ్చారు. ఆ కొడుకు తండ్రి కన్నా ముందే, చిన్న వయసులోనే మరణించాడు. కొడుకు తప్పు చూపితే కోపగించుకోకుండా షుక్ర్ చేసే తండ్రులు మనలో ఎందరున్నారు?

తిరిగి ఇవ్వడం తన ఇంటి నుండే మొదలైంది. వంశపారంపర్యంగా వచ్చిన జాగీర్ల పత్రాలను చింపేశారు. ఫదక్ తోటను దైవప్రవక్త (సఅసం) కాలంలో ఉన్న పద్ధతికి మార్చారు. భార్య ఫాతిమా దగ్గర తండ్రి ఇచ్చిన అపురూపమైన ఆభరణం ఉండేది. దాన్ని బైతుల్‌మాల్‌కు ఇవ్వడమో, తనను వదులుకోవడమో తేల్చుకోమన్నారు. ఖలీఫా కూతురు, ఖలీఫాల సోదరి, ఖలీఫా భార్య అయిన ఆ మహిళ భర్తనే ఎంచుకున్నారు. ఆయన మరణించాక ఆమె సోదరుడు ఖలీఫా యజీద్ ఆ నగను తిరిగి ఇస్తానంటే, ఆయన బ్రతికుండగా సంతోషంగా ఇచ్చినదాన్ని చనిపోయాక వెనక్కి తీసుకోలేనని నిరాకరించారు. అత్తింటి, పుట్టింటి నగల లెక్కలతో కాపురాలు చెడగొట్టుకుంటున్న మన కుటుంబాలు ఈ తల్లిని గుర్తుంచుకోవాలి.

రాజ్య వ్యవహారాలు చూసేటప్పుడు ప్రభుత్వ సొమ్ముతో వెలిగే దీపాన్ని, సొంత మాటలు మొదలవగానే ఆర్పేసి తన దీపం వెలిగించుకునేవారు. ఒక రాత్రి ఆయన కూతుళ్ళు నోటికి చేతులు అడ్డుపెట్టుకుని దూరంగా జరిగారు. ఎందుకని అడిగితే, ఇంట్లో పప్పు, ఉల్లిపాయలు తప్ప ఏమీ లేక అవే తిన్నారని, ఆ వాసన మీకు తగలకూడదని అలా చేశారని దాసి చెప్పింది. ఆయన కంటతడి పెట్టారు. అయినా ఖజానా తలుపు మాత్రం తెరవలేదు. ఒకప్పుడు ఖరీదైన బట్ట గరుకనిపించిన ఆయనకే, ఇప్పుడు చవక బట్ట మరీ మెత్తగా ఉందనిపించేది.

ప్రజలకు అందినది

మింబర్ల మీద హజ్రత్ అలీ (రజి) గారిని నిందించే దురాచారాన్ని ఆయన ఆపేశారు. దానికి బదులు న్యాయాన్నీ, మేలునూ ఆదేశించే సూరహ్ నహ్ల్ లోని 90వ ఆయతును చదవమన్నారు. ఈనాటికీ మన జుమా ఖుత్బా చివర వినిపించే ఆయతు అదే. ఉబైదుల్లాహ్ అనే గురువు ఒక శిష్యుణ్ణి మందలించినందుకు లభించిన ఫలం ఇది.

ఇస్లాం స్వీకరించినవారి నుండి కూడా జిజియా వసూలు చేస్తున్న అధికారులను ఆపారు. అల్లాహ్ తన ప్రవక్త (సఅసం)ను మార్గదర్శిగా పంపాడే గాని పన్నులు వసూలు చేసేవానిగా కాదని వారికి రాశారు. ఆలిములు గతించిపోతే విద్య అంతరించిపోతుందన్న భయంతో హదీసులను రాసి భద్రపరచమని మదీనాలోని అబూ బక్ర్ బిన్ హజ్మ్‌ను ఆదేశించారు. ఇమామ్ జుహ్రీ కూడా ఆయన ఆజ్ఞతో ఈ సేవ చేశారు. ఆఫ్రికా ప్రాంతంలో జకాత్ పంచడానికి వెళ్ళిన అధికారి, తీసుకునే పేదవాడు కనబడక ఆ సొమ్ముతో బానిసలను కొని విడుదల చేసినట్లు చరిత్ర చెబుతోంది. ఇదంతా సుమారు రెండున్నరేళ్ళలో జరిగింది.

తృప్తి చెందని మనసు

ఆయన తన మనసు గురించి చెప్పుకున్న ఒక మాట ఈ జీవితానికంతటికీ తాళం చెవి లాంటిది. తన మనసు ఎప్పుడూ పైదాన్నే కోరుకునేదనీ, ఫాతిమాతో వివాహం కోరుకుంటే లభించిందనీ, గవర్నరు పదవి కోరుకుంటే లభించిందనీ, ఖిలాఫత్ కోరుకుంటే అదీ లభించిందనీ, ఇక ఈ లోకంలో దానికి మించినది లేదు గనుక ఇప్పుడు ఆ మనసు స్వర్గాన్ని కోరుకుంటోందనీ ఆయన చెప్పారు.

కోరికను చంపుకోమని ఆయన చెప్పలేదు, దాని దిశను పైకి మార్చారు. మనం ఒక మేలు దొరకగానే అలాంటిదే మరొకటి కోరుకుంటాము. ఇల్లు వస్తే ఇంకో అంతస్తు, ఉద్యోగం వస్తే ఇంకొంత జీతం. ఆయన మాత్రం మేలు పెరిగినకొద్దీ తన నుండి ఎక్కువ ఆశించారు. షుక్ర్ చేస్తే ఇంకా ప్రసాదిస్తానన్న అల్లాహ్ వాగ్దానాన్ని మనం సొమ్ము లెక్కలోనే చూస్తాము. మంచి పని చేసే భాగ్యం పెరగడం కూడా ఆ పెరుగుదలేనని మేము భావిస్తాము.

హిజ్రీ 101, రజబ్ నెలలో (క్రీ.శ. 720) సిరియాలోని దైర్ సిమ్ఆన్‌లో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు నలభై లోపే. పిల్లలకు ఏమీ మిగల్చలేదేమని బావమరిది మస్లమా అడిగితే, వారు సజ్జనులైతే వారిని అల్లాహ్ చూసుకుంటాడు, కాకపోతే పాపానికి పెట్టుబడి నేనెందుకు ఇవ్వాలని జవాబిచ్చారు.

సోదర సోదరీమణులారా! ఖిలాఫత్ మనకు రాలేదు. కాని ఒక ఇల్లు, ఒక దుకాణం, చదువుకునే పిల్లలు, నడిచే కాళ్ళు, చూసే కళ్ళు మనకు లభించాయి. ఈ రాత్రి ఇషా తరువాత ఒక్క మేలును తలచుకుందాము. అది వచ్చాక మన నడవడిలో ఏం మారిందని ఎవరికి వారు ప్రశ్నించుకుందాము. ఏమీ మారలేదంటే ఆ షుక్ర్ ఇంకా బాకీ ఉందన్నమాట. ఉద్యోగం వచ్చినవారు ఎవరి హక్కు నిలిపి ఉంచారో చూసుకుని తెల్లవారేసరికి చెల్లించాలి. జుహ్ర్ వరకు ఉంటామన్న హామీ మనకూ ఎవరూ ఇవ్వలేదు.

అల్లాహ్ తాను ఇచ్చిన మేళ్ళను గుర్తించే హృదయాన్నీ, వాటితో మనల్ని మనం సంస్కరించుకునే భాగ్యాన్నీ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.