పన్నుల భారంపై ప్రజల పక్షాన నిలిచిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

(జూన్ 2 – ఆంధ్రరత్న జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ప్రజల చెల్లింపు శక్తికి మించి విధించిన పన్ను పాలకులకు ఆదాయాన్ని సమకూర్చకపోగా ఊరినే ఖాళీ చేయించగలదని చీరాల-పేరాల ఉద్యమం ద్వారా నిరూపించిన మహనీయుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. అర్థశాస్త్రం అభ్యసించిన ఆయన పన్నుల సమస్యను సామాన్యుని జీవనభృతి కోణం నుండి పరిశీలించి, ఉద్యమానికి నాయకత్వం వహించారు.

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న నాటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల సంరక్షణలో పెరిగారు. మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండ్ వెళ్లి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టం పొందారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించగా, అది 1917లో వెలువడింది. స్వదేశానికి తిరిగివచ్చిన అనంతరం మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకునిగా పనిచేసి, తరువాత చీరాలను తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నారు.

కృష్ణా పశ్చిమ డెల్టా అంచున ఉన్న చీరాల, పేరాల గ్రామాల జనాభా ఆనాడు సుమారు 15 వేలు. వారిలో చేనేత కార్మికులు, చిన్న రైతులు, కూలీలు అధికం. యూనియన్ పాలనలో ఏటా వసూలయ్యే పన్ను దాదాపు 4 వేల రూపాయలు. పారిశుద్ధ్యం మెరుగుపరచే లక్ష్యంతో మద్రాసు ప్రభుత్వం ఈ గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా మార్చడంతో ఆ మొత్తం 40 వేల రూపాయలకు పెరిగింది. అనగా సగటున తలకు నాలుగు అణాల చొప్పున ఉన్న భారం రెండున్నర రూపాయలు దాటింది. మగ్గం ఉన్న ఇల్లే నేతకార్మికునికి పని స్థలం కూడా. కనుక ఇంటిపై పెరిగిన పన్ను అతని శ్రమ ఫలితం నుండే చెల్లించవలసి వచ్చేది. సౌకర్యాలు సమకూరకముందే భారం పదింతలు కావడం ప్రజల ఆగ్రహానికి కారణమయింది. పన్ను చెల్లించేందుకు నిరాకరించిన ఒక మహిళతో సహా పలువురు జైలుపాలయ్యారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలలో గోపాలకృష్ణయ్య స్థాపించిన ‘రామదండు’ స్వచ్ఛంద సేవకులు విశేష సేవలందించారు. అనంతరం ఏప్రిల్ 6న మహాత్మాగాంధీ చీరాలను సందర్శించారు. అహింసాయుతంగా పన్ను నిరాకరించడం లేదా పురపాలక పరిధిని వీడి వెళ్లడం అనే రెండు మార్గాలను ఆయన ప్రజల ముందుంచారు. గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు రెండవ మార్గాన్ని ఎంచుకున్నారు. 13 వేల మందికి పైగా తమ ఇళ్లను విడిచి, పురపాలక పరిధి వెలుపల పాకలు వేసుకుని ‘రామ్‌నగర్’ నిర్మించుకున్నారు. పన్ను విధించేందుకు ఇళ్లున్నా చెల్లించే వారు లేకుండాపోయారు.

అయితే ఈ త్యాగానికి ప్రజలు చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. ఎండకు, వానకు ఓర్చి, జీవనోపాధి దెబ్బతిన్నా దాదాపు 11 నెలలు పాకలలోనే గడిపారు. నిధుల సేకరణకు బరంపురం వెళ్లిన గోపాలకృష్ణయ్య నిషేధాజ్ఞలను ఉల్లంఘించి ప్రసంగించినందుకు అరెస్టయి, ఏడాది శిక్షతో తిరుచిరాపల్లి జైలుకు వెళ్లారు. నాయకుడు దూరమై, ఆర్థిక వనరులు అడుగంటడంతో ప్రజలు 1922లో తిరిగి స్వగృహాలకు చేరుకున్నారు. పురపాలక సంఘం రద్దు కాలేదు. అయినప్పటికీ, ఆ కాలంలోనే గుంటూరు జిల్లాలో సాగిన పెదనందిపాడు పన్నుల నిరాకరణ, పల్నాడు పుల్లరి ఉద్యమాలతో పాటు చీరాల-పేరాల ఘట్టం స్వాతంత్ర్య పోరాట చరిత్రలో సుస్థిర స్థానం పొందింది.

నిరంతర శ్రమతో ఆరోగ్యం క్షీణించి, ఆర్థిక ఇబ్బందుల నడుమ గోపాలకృష్ణయ్య 1928 జూన్ 10న, 39 ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. విజయవాడలోని ఆంధ్రరత్న భవన్ ఆయన స్మృతికి చిహ్నం. పన్ను ఎంత విధించాలన్న దానితో పాటు ఎవరిపై విధించాలి, ప్రతిఫలంగా ఏ సేవ అందించాలి అన్న అంశాలకూ సమాన ప్రాధాన్యం ఉందని ఆయన నడిపిన ఉద్యమం పాలనా యంత్రాంగానికి నేటికీ గుర్తుచేస్తుంది.